ప్రార్థించాము, మరి పరీక్ష చేయించుకున్నామా?

(రేడియో ప్రసంగ పాఠం)

 

మీ దగ్గర బైబిలు ఉంటే లూకా సువార్త పదిహేడవ అధ్యాయం తెరవండి. పదకొండవ వచనం మొదలు పంతొమ్మిదవ వచనం వరకు. పదిమంది కుష్ఠరోగులు దూరాన నిలిచి ప్రభువును కేక వేసిన సంగతి. మన మందిరాల్లో ఈ భాగం తీసినప్పుడల్లా, తిరిగి వచ్చి ప్రభువు పాదాల దగ్గర సాగిలపడిన ఆ ఒక్క సమరయుని గురించే చెబుతాం. కృతజ్ఞత కూడికల్లో అయితే ఇక చెప్పనక్కరలేదు. నేనూ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఈ దినం మాత్రం పదునాలుగవ వచనం దగ్గర కాస్త ఆగుదాం. ప్రభువు వారి మీద చెయ్యి ఉంచినట్టు అక్కడ లేదు. మీ జబ్బు పోయింది, ఇళ్ళకు పోండి అన్నట్టు కూడా లేదు. వెళ్ళి యాజకులకు చూపించుకోమన్నాడు. వాళ్ళు దారిలో ఉండగానే శుద్ధులయ్యారు.

యాజకులకు ఎందుకు చూపించుకోవాలి? దీనికి జవాబు లేవీయకాండం 13, 14 అధ్యాయాల్లో ఉంది. చాలామంది విశ్వాసులు ఈ అధ్యాయాలు రాగానే పేజీలు తిప్పేస్తారు. సెమినరీ రోజుల్లో నేనూ పరీక్ష కోసమే చదివాను. మచ్చ చర్మం కంటే లోతుగా ఉందా, వెంట్రుకల రంగు మారిందా, మచ్చ పాకుతుందా, ఆగిందా అని యాజకుడు కళ్ళారా చూడాలి. తేలకపోతే ఏడు దినాలు ఆగి మళ్ళీ చూడాలి. అప్పటికీ తేలకపోతే ఇంకొక ఏడు దినాలు. యాజకుడు ఊహించి చెప్పడానికి లేదు, జాలిపడి చెప్పడానికీ లేదు. చూచి చెప్పాలి. గమనించారా? స్వస్థపరచే ప్రభువే ఆ పదిమందిని పరీక్షకు పంపాడు. తాను చేసే కార్యాన్ని ఎవరో పరిశీలిస్తారంటే ఆయనకు అభ్యంతరం లేదు.

ఈ వాక్యం ఎందుకు ఎత్తుకున్నానంటే, మీ ఎదుట నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను షుగరు వ్యాధి ఉన్నవాణ్ణి. 2018 వేసవిలో బయటపడింది. రాత్రి నాలుగైదు సార్లు లేవడం, ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరకపోవడం, బట్టలు వదులు కావడం. కూటాల బడలిక అనుకున్నాను. కళ్ళద్దాల కోసం వెళితే ఆ డాక్టరమ్మ నా కళ్ళు చూసి, ముందు షుగరు పరీక్ష చేయించుకొని రమ్మన్నది. అప్పటికప్పుడు తీసిన రక్తంలో 318. మరునాడు పరగడుపున 204. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 10.2. పరగడుపున 126 గానీ అంతకు పైన గానీ, సగటు 6.5 గానీ అంతకు పైన గానీ ఉంటే మధుమేహం అంటారు. నేను గీత మీద లేను, గీత దాటి చాలా దూరం పోయి ఉన్నాను.

మాత్రలు రాశారు. వేసుకున్నాను. కానీ సంఘానికి చెప్పలేదు. నాకూ మా ఇంట్లోవాళ్ళకూ తప్ప ఎవరికీ తెలియదు. ఎందుకు చెప్పలేదో మీలో కాపరులుగా ఉన్నవాళ్ళకు నేను వివరించనక్కరలేదు. రోగుల కొరకు నూనె రాసి ప్రార్థించే మనిషికి రోగం ఏమిటి అంటారని భయం. ఇంకొకటి చెబితే నవ్వుతారేమో: గృహ ప్రార్థనకు వెళ్ళిన ప్రతి ఇంట్లో టీ, క్రిస్మసుకు అరిసెలు, నెల్లూరు నుంచి ఎవరు వచ్చినా అయ్యగారికని మలై కాజా. వద్దంటే ఆ ఇంటివాళ్ళు నొచ్చుకుంటారు. కారణం చెప్పాలి. కారణం చెప్పడం కంటే కాజా తినడమే తేలిక అనిపించింది.

నా సంఘం నెల్లూరుకు తూర్పున, మైపాడు వైపు పోయే దారిలో రొయ్యల గుంటలు దాటాక, సముద్రం ఒడ్డున ఉండే పాలేలలో ఒకటి. అక్కడ వేటకు పోయే ఒక సహోదరుడు, నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయనకూ షుగరు. 2019 ఫిబ్రవరిలో మా దగ్గర మూడు రాత్రులు ఉజ్జీవ కూటాలు జరిగాయి. ఆఖరి రాత్రి రోగుల కొరకు ప్రార్థన చేశాం. తరువాత ఆదివారం ఆయన లేచి సాక్ష్యం చెప్పాడు. నాకు షుగరు పోయింది, మాత్రలు సముద్రంలో పారేశాను, ఒంట్లో ఏ బాధా లేదు అని. సంఘమంతా చప్పట్లు కొట్టారు. నేను వేదిక మీద కూర్చుని ఉన్నాను. ఆ ఉదయం ఇడ్లీ తిని, మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకొని వచ్చిన మనిషిని. నేను కూడా హల్లెలూయా అన్నాను. పరీక్ష చేయించుకున్నావా అన్నా, అని ఒక్క మాట అడగలేదు.

బాధ లేదని ఆయన చెప్పింది అబద్ధం కాదు. షుగరు 200, 250లో ఉన్నా చాలామందికి ఏ బాధా తెలియదు. ఈ జబ్బులో ఉన్న మోసమే అది. పంటి నొప్పి మనిషిని డాక్టరు దగ్గరకు ఈడ్చుకుపోతుంది. షుగరు అలా చెయ్యి పట్టి లాగదు. లోపల సన్న రక్తనాళాలను, కంటి తెరను, మూత్రపిండాలను, కాళ్ళకు స్పర్శ తెచ్చే నరాలను నెమ్మదిగా పాడుచేస్తూ పోతుంది. ఆ నరాలు పాడైనప్పుడు బాధ లేకపోవడమే జబ్బు ముదిరిన గుర్తు అవుతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో వేట నిషేధం ఉంటుంది గదా. అది ముగిసి పడవలు దిగిన వారంలో ఆయన ఒడ్డున వల లాగుతూ జెల్ల ముల్లు తొక్కాడు. తొక్కిన సంగతి ఆయనకు తెలియదు. సాయంత్రం ఇంటికి పోయాక, గచ్చు మీద నెత్తుటి అడుగులు చూసి భార్య కేక వేసింది. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఎంత సలుపో మన తీరం వాళ్ళకు చెప్పనక్కరలేదు. మగవాళ్ళు కూడా ఏడుస్తారు. ఆయనకు చీమ కుట్టినట్టు కూడా లేదు. పసుపు అద్దారు. పదిరోజులకు వేలు నల్లబడింది. నెల్లూరు ఆసుపత్రిలో చేర్చేసరికి షుగరు 400 దాటింది. రెండు కాలివేళ్ళు తీసేశారు.

నేను వార్డుకు వెళ్ళాను. ప్రార్థన చేశాను. ఆమేన్ అన్నాక ఆయన నన్ను అడిగాడు: "అయ్యగారూ, మీరు కూడా మాత్రలు వేసుకుంటారంట గదా? అమ్మగారు మా ఆడోళ్ళతో అన్నారంట."

"వేసుకుంటున్నా అన్నా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీ సాక్ష్యానికి ముందు నుంచే."

ఆయన చాలాసేపు పైన తిరిగే ఫ్యాను వంక చూశాడు. "ఆ రోజే ఒక్క మాట చెప్పుంటే బాగుండేది గదయ్యా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ తరువాతి ఆదివారం నేను సంఘం ఎదుట నిలబడి నా మాత్రల చీటీ చదివి వినిపించాను. కొందరు తల వంచుకున్నారు. ఆరాధన అయ్యాక పదకొండు మంది ఒక్కొక్కరే వచ్చి, మాకూ ఉందయ్యగారూ అని చెవిలో చెప్పి పోయారు. అందులో ఇద్దరు సంఘ పెద్దలు. భారత వైద్య పరిశోధనా మండలి జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది అని అందులో తేలింది. ఇంతమందిలో మన సంఘాలవాళ్ళు లేకుండా ఉంటారా?

ఇక్కడ కొందరు శ్రోతలు నన్ను నిలదీస్తారు. అయ్యా, రాజైన ఆసా సంగతి మరిచారా అంటారు. రెండవ దినవృత్తాంతములు పదహారవ అధ్యాయం. ఆసాకు పాదాలలో జబ్బు వచ్చినప్పుడు యెహోవాను వెదకక వైద్యులను వెదికాడని అక్కడ ఉంది. వైద్యం మానమని బోధించేవాళ్ళందరూ ఎత్తే వచనం ఇదే. దయచేసి ఆ అధ్యాయం మొదటి నుంచి చదవండి. ఆసా దేవుని మందిరపు వెండి బంగారాలు తీసి సిరియా రాజుకు పంపాడు. తప్పు చెప్పిన దీర్ఘదర్శిని చెరసాలలో వేశాడు. దేవుని మాట వినడం మానేసిన మనిషి, మంచం పట్టినప్పుడు కూడా వినలేదని గ్రంథకర్త చెబుతున్నాడు. వైద్యుణ్ణి పిలవడం పాపమైతే, హిజ్కియా పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా ప్రవక్త ఎందుకు చెప్పాడు? అప్పటికే హిజ్కియాకు పదిహేను సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని దేవుని వాగ్దానం వచ్చేసింది. అయినా మందు కట్టారు. పౌలు మాట చూడండి. ఎంతోమంది పౌలు చేతుల మీదుగా బాగుపడ్డారు. అదే పౌలు తిమోతి కడుపు జబ్బుకు ఏమి పుచ్చుకోవాలో ఉత్తరంలో రాశాడు. త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచిపెట్టాడు. ఆఖరి దినాల్లో అందరూ విడిచిపోతే పౌలు దగ్గర మిగిలినవాడు లూకా, వైద్యుడు. మనం ఈ ఉదయం చదివిన సువార్త రాసింది ఆయనే.

ఇప్పుడు, ఇంట్లో చిన్నబిడ్డకు ఇన్సులిన్ వేస్తున్న తల్లిదండ్రులారా, మీతో ప్రత్యేకంగా మాట్లాడాలి. పెద్దవాళ్ళకు సామాన్యంగా వచ్చే షుగరు వేరు, పిల్లలకు ఎక్కువగా వచ్చేది వేరు. ఆ పిల్లల ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాదు. బయటి నుంచి ఇవ్వకపోతే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, బార్‌స్టో అనే ఊళ్ళో 1973లో ఒక క్రైస్తవ కుటుంబం ఉండేది. వాళ్ళ బిడ్డ వెస్లీ పార్కర్‌కు పదకొండేళ్ళు. వచ్చిన ప్రసంగీకుడు ప్రార్థించాడు. బిడ్డ బాగుపడ్డాడని నమ్మి తల్లిదండ్రులు ఇన్సులిన్ ఆపేశారు. బిడ్డ వాంతులతో, నొప్పులతో తల్లడిల్లుతుంటే, అది సాతాను పెడుతున్న శోధన అనుకొని ప్రార్థిస్తూనే ఉన్నారు. బిడ్డ చనిపోయాడు. కోర్టు వాళ్ళను దోషులని తేల్చింది. ఆ తండ్రి లారీ పార్కర్ కొన్నేళ్ళకు, 1980లో ఒక పుస్తకం వేయించాడు. మేము మా కొడుకును చావనిచ్చాము అనేదే దాని పేరుకు అర్థం. ఆ తండ్రి ప్రేమ లేనివాడు కాదు, విశ్వాసం లేనివాడూ కాదు. చూడకుండా తీర్పు చెప్పేసుకున్నాడు. మా మందిరంలో ఆ ఆదివారం నేను చేసిందీ అదే గదా అని నేను ఎన్నోసార్లు అనుకున్నాను.

ఆ ఇన్సులిన్ సంగతి కూడా వినండి. కెనడా దేశంలో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే యువకుడు దైవశాస్త్రం చదవాలని టొరంటో విశ్వవిద్యాలయానికి వెళ్ళి, తరువాత వైద్యానికి మారాడు. 1921లో ఆయన, చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థి కలిసి, మెక్లియోడ్ అనే ఆచార్యుని ప్రయోగశాలలో పనిచేశారు. కాలిప్ అనే శాస్త్రజ్ఞుడు మందును శుద్ధి చేశాడు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రవాడికి మొదటిసారి ఇచ్చారు. చావుకు సిద్ధంగా ఉన్న ఆ బిడ్డ మరి పదమూడేళ్ళు బ్రదికాడు. పేటెంటు హక్కును ఒక్కొక్కరు ఒక్క డాలరు మాత్రం పుచ్చుకొని విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. బాంటింగ్ పుట్టిన నవంబరు 14ను ప్రపంచ మధుమేహ దినంగా పాటిస్తున్నారు. ఆయన పాస్టరు కాకపోవడం వల్ల సంఘానికి నష్టం జరిగిందని నేను అనుకోను.

సరే, పరీక్ష సంగతికి వద్దాం. మీకు షుగరు ఉందని డాక్టరు చెప్పారనుకోండి. అక్కడితో డాక్టరు పని అయిపోదు, మీ పని మొదలవుతుంది. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే చేతులు సబ్బుతో కడుక్కొని, బాగా ఆరనిచ్చి చూసుకోండి. మామిడిపండు కోసిన చేత్తో, బెల్లం ముట్టుకున్న చేత్తో చూసుకుంటే లేని షుగరు ఉన్నట్టు చూపిస్తుంది. వేలి కొస మధ్యలో కాకుండా పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. ఒకరి సూది ఒకరు వాడవద్దు. మన తీరంలో గాలికి తేమ ఎక్కువ గనుక పట్టీల డబ్బా మూత ఎప్పటికప్పుడు బిగించండి. లేకపోతే పట్టీలు పాడై తప్పు అంకె ఇస్తాయి. ఎన్నిసార్లు చూసుకోవాలి? అది మీ మందును బట్టి ఉంటుంది. ఇన్సులిన్ వేసుకొనేవాళ్ళు రోజులో చాలాసార్లు చూసుకోవలసి వస్తుంది, మాత్రల మీద ఉన్నవాళ్ళకు అన్నిసార్లు అక్కరలేకపోవచ్చు. మీ డాక్టరును అడగండి. చాలామందికి పరగడుపున 80 నుంచి 130 మధ్య, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు 180 లోపు, హెచ్‌బీఏ1సీ 7 లోపు ఉండేలా చూస్తారు. ముసలివాళ్ళకు, గుండె జబ్బో మూత్రపిండాల జబ్బో ఉన్నవాళ్ళకు, గర్భిణులకు ఆ లెక్క వేరుగా ఉంటుంది. పక్కింటాయన అంకెతో మీ అంకె పోల్చుకోకండి.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, వేళ, అంకె, ఏమి తిన్నారు, ఏ మందు వేసుకున్నారు. అంకె పెద్దగా వచ్చిన రోజు కూడా రాయాలి. ఆ రోజే ముఖ్యంగా రాయాలి. మనవాళ్ళ సంగతి నాకు తెలుసు. డాక్టరు దగ్గరకు పోయే ముందు రెండు రోజులు అన్నం మాని, రొట్టెలు తిని, పరగడుపు పరీక్షలో మంచి అంకె తెచ్చుకుంటారు. నేనూ చేశాను. హెచ్‌బీఏ1సీ దగ్గర ఆ ఎత్తు పారదు. రక్తంలోని ఎర్రకణం సుమారు 120 దినాలు బ్రదుకుతుంది. ఆ దినాలన్నిటిలో ఎంత చక్కెరలో తిరిగిందో అంత దానికి అంటుకొని ఉంటుంది. రెండు రోజుల రొట్టెలు దాన్ని కడగలేవు. నేను అలా మోసం చేసినప్పుడు డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "పాస్టరుగారూ, ఈ రెంటిలో ఏది నిజం?" అని అడిగింది. నా జన్మలో అంత సూటి ప్రసంగం వినలేదు.

దాచవద్దు. మెట్‌ఫార్మిన్ వల్ల కడుపులో వికారంగా ఉంటే మానేయకండి, చెప్పండి. అన్నంతో వేసుకోమనో, వేరే రకమో ఇస్తారు. ఖర్చుకు భయపడి మాత్ర సగానికి విరుస్తున్నారా, అదీ చెప్పండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు పరీక్ష చేసి, సాధారణ మాత్రలు ఉచితంగా ఇస్తారు. నాటుమందు పొడులు తింటున్నారా, అదీ చెప్పండి. అన్నం సంగతి కూడా. మొలగొలుకుల బియ్యం పండించుకున్న జిల్లా మనది, అన్నం మానమంటే ఎవరు వింటారు? మా డాక్టరమ్మ మానమనలేదు. పళ్ళెంలో సగం కూరలు, పావు భాగం చేపో పప్పో, పావు భాగం అన్నం అన్నది. చేపల పులుసు తినవచ్చునా అంటే, పులుసుతో నాకు తగాదా లేదు, అది కలుపుకొనే అన్నపు కుప్పతోనే తగాదా అన్నది. కొందరు నన్ను ప్రభురాత్రి భోజనపు ద్రాక్షరసం గురించి కూడా అడుగుతారు. ఆ చిన్న గిన్నెకు భయపడకండి. తరువాత మందిరం బయట ఇచ్చే టీ గురించి భయపడండి.

వేటకు పోయే సహోదరులారా, షుగరు పడిపోవడం కూడా ప్రమాదమే. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి కొన్ని మాత్రలు గానీ వేసుకొని, అన్నం వేళ తప్పి, వల లాగే కష్టం చేస్తే 70 కంటే కిందికి పోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబాటు. అప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూసుకోవాలి. పడవలో గ్లూకోజు పొట్లం నీళ్ళు తగలకుండా కట్టి పెట్టుకోండి, తోటివాళ్ళకు చెప్పి ఉంచండి. ఇన్సులిన్ సీసా మాత్రం చేపల ఐసులో పెట్టవద్దు, గడ్డకట్టితే ఇక పనికిరాదు. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, అందులో ఉంచండి.

మా ప్రాంతంలోనే ఒక మందిరంలో ఇరవై ఒక్క దినాల ఉపవాస ప్రార్థనలు జరిగాయి. ఒక సహోదరి, ఉదయం మాత్ర వేసుకొని, ఏమీ తినకుండా వచ్చి కూర్చున్నది. మధ్యాహ్నానికి చెమటలు పట్టి, అర్థం లేని మాటలు మాట్లాడుతూ ఊగిపోయింది. కొందరు ఆత్మావేశం అన్నారు. కొందరు దయ్యం అని గద్దించడం మొదలుపెట్టారు. ఆమె మనవరాలు, పదో తరగతి పిల్ల, పరుగెత్తి పక్కింట్లో పంచదార నీళ్ళు తెచ్చి, అవ్వకు ఇంకా మింగే తెలివి ఉండగానే కొద్దికొద్దిగా తాగించింది. స్పృహ పూర్తిగా తప్పినవాళ్ళ నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే 108కు ఫోను చేయాలి. ఉపవాసం దేవునికి ఇష్టమైనదే. కానీ షుగరు మందులు వేసుకొనేవాళ్ళు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకండి. కాపరులారా, కూటం మొదలయ్యే ముందే ఈ ప్రకటన చేయండి. అలాంటివాళ్ళు ఒక పూట టీవీ మానినా, కోపం మానినా ప్రభువు లెక్కలోకి తీసుకుంటాడు.

మన పితరులు దీన్ని మనకంటే బాగా గ్రహించారు. 1840లో శామ్యూల్ డే దొర నెల్లూరు వచ్చి సువార్త పని స్థిరపరచాడు. ఆయన వెనుక వచ్చిన బాప్టిస్టు మిషను వాళ్ళు మందిరం కట్టిన ఊళ్ళోనే ఆడవాళ్ళకు ఆసుపత్రి కూడా నడిపారు. మనలో ఎందరో వైద్యం కోసం వెళ్ళే వెల్లూరు ఆసుపత్రి, 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని ఒక్క మంచంతో మొదలుపెట్టినది. వాళ్ళెవరూ ప్రార్థనకూ మందుకూ మధ్య గోడ కట్టలేదు. ఆ గోడ మనమే ఎప్పుడో కట్టుకున్నాం.

ప్రభువు నన్ను నిజంగా ముట్టి బాగుచేశాడు అని నమ్ముతున్న సహోదరుడా, సహోదరీ, నీ నమ్మకాన్ని నేను కొట్టివేయను. ఆయన చేయగలడు. అయితే ఆ పదిమంది చేసినట్టే చెయ్యి. మందులు మానకుండా వెళ్ళి పరీక్ష చేయించుకో. అంకెలు తగ్గితే డాక్టరే మందు తగ్గిస్తారు, ఆ కాగితం పట్టుకొని వచ్చి సాక్ష్యం చెప్పు. మా సంఘంలో ఇప్పుడు అదే పద్ధతి. స్వస్థత సాక్ష్యం చెప్పేవాళ్ళను, చీటీ తెచ్చారా అని అడుగుతాం. మొదట్లో కొందరు అలిగారు. ఒక కుటుంబం వేరే సంఘానికి వెళ్ళిపోయింది కూడా.

ఆ సహోదరుడు ఇప్పుడు మళ్ళీ వేటకు పోతున్నాడు. ఇసుక మీద కూడా చెప్పులు విడవడు. రాత్రి పడుకునే ముందు భార్య దీపం దగ్గర ఆయన రెండు అరికాళ్ళూ, వేళ్ళ సందులూ చూస్తుంది. ఏడాదికొకసారి కంటి పరీక్ష, మూత్రపిండాల పరీక్ష, కాళ్ళ పరీక్ష చేయించుకుంటాడు. కాళ్ళ పరీక్షలో డాక్టరు ఒక సన్నని నైలాను పోగుతో అరికాలు తాకి, తెలుస్తుందా అని అడుగుతారు. మొదటిసారి ఆ పోగు చూసి ఆయన, "ఇది మా వల తీగే గదయ్యా" అన్నాడట. ఎడమ కాలిలో మూడు చోట్ల తెలియలేదు. నా సంగతి చెప్పాలంటే, పోయిన అక్టోబరులో 6.9 ఉన్నది క్రిస్మసు దాటాక 7.6కు వచ్చింది. రాసుకున్నాను, డాక్టరమ్మకు చూపించాను, మందు కొంచెం మార్చింది.

ప్రార్థన చేసుకొందాం. పరలోకమందున్న మా తండ్రీ, ఈ దినం మొదటిసారి తన అంకె తెలుసుకొని, ఎవరికీ చెప్పుకోలేక కూర్చున్న ఆ ఒక్కరిని నీవు చూస్తున్నావు. ఆ మనిషి ఈ సాయంత్రమే ఇంట్లో ఒకరికైనా చెప్పే ధైర్యం దయచేయి. వార్డుల్లో రాత్రంతా మేలుకొనే నర్సులకు, డాక్టర్లకు బలం ఇవ్వు. బిడ్డకు సూది వేస్తూ కళ్ళు తుడుచుకొనే తల్లి చేతికి తోడుగా ఉండు. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.